ఎంక్వయిరీ గారు చెప్పిన దారి

ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకంలో తప్పు జరగడానికి చోటే లేదు. బస్సు దిగాలి, ఏటి ఒడ్డున ఉన్న ఒక మేడగదిని చూడాలి, ఎక్కడో ఒకచోట ఇంత తినాలి, సాయంత్రం బస్సెక్కి పై ఊరికి పోవాలి. అంతే. పసిపిల్లలు కూడా చేసుకు రాగల పని. కాకపోతే దాన్ని చేపట్టింది ఎంక్వయిరీ గారు.

ఆయన అసలు పేరు ఏ కాగితాల్లోనో ఉండే ఉంటుంది. వీధిలోనూ, బంధువుల్లోనూ, చివరికి అత్తవారింట్లో కూడా ఆయన ఎంక్వయిరీ గారే. ఒక పెద్ద బస్టాండులో విచారణ కౌంటరు వెనక కూర్చుని సర్వీసంతా గడిపి ఈమధ్యే రిటైరయ్యారు. ఏ బస్సు ఎప్పుడు, ఏ బస్సు ఎక్కడ, మంచినీళ్ళెక్కడ, తప్పిపోయిన అత్తగారు ఏ బెంచీ మీద ఉండవచ్చు, ఇలా అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పారు. 'తెలియదు' అన్న మాట కౌంటరు వెనకనుంచి రాకూడదని ఆయన నియమం. నిజంగా తెలుసా లేదా అన్నది వేరే సంగతి.

ఇంట్లో సంగతి ఇంకా వేరు. రోజంతా ఊరందరికీ జవాబులు చెప్పి ఇల్లు చేరేసరికి ఆయన దగ్గర మాటల నిల్వ అయిపోయేది. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే "ఊఁ". పిల్లాడికి జ్వరం తగ్గలేదంటే "ఊఁ". మరీ గట్టిగా అడిగితే జవాబొచ్చేది, అడక్కపోతే అదీ లేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు గానీ, అడగనిదే మాట కూడా పెట్టని మొగుడు దొరికాడని ఆయన భార్య నవ్వుతూ అనేది. కొన్నేళ్ళకి నవ్వకుండా అనడం మొదలుపెట్టింది. ఆ తర్వాత అనడమే మానేసింది.

రిటైరయ్యాక ఇద్దరూ బస్సుల్లో దేశం చుట్టడానికి బయల్దేరారు. చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు, కౌంటరు పోయినా కౌంటరు ధ్యాస పోలేదు. ఏ ఊళ్ళో దిగినా ఆయన మొట్టమొదట వెతికేది నీలం బోర్డు మీద తెల్లటి 'ఐ' అక్షరం. అంటే యాత్రికుల సమాచార కేంద్రం. కోటలూ జలపాతాలూ తర్వాత. అక్కడికి పోయి నాలుగు ప్రశ్నలడిగి, నాలుగు కరపత్రాలు పట్టుకుని, కుర్చీ ఎత్తు చాలదనో, కలానికి తాడు కట్టలేదనో అక్కడివాళ్ళకి ఒక సలహా ఇచ్చి గానీ కదిలేవారు కారు. దారిలో పోయేవాళ్ళని అడుగుదామంటే ఒప్పుకోరు.

"కౌంటరు వెనక కూర్చోని మనిషి చెప్పేది సమాచారం కాదోయ్. ఉత్త కబురు."

"మనం దేశం చూడ్డానికొచ్చామా, కౌంటర్లు చూడ్డానికొచ్చామా?" అనేది ఆవిడ, కరపత్రాల సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ.

అయినా ఆవిడ పెద్దగా గొడవ పెట్టుకోలేదు. ఎందుకంటే దేశం మొత్తమ్మీద ఆవిడ అడిగింది ఒకే ఒక్క చోటు. పెళ్ళయిన కొత్తలో, ఇంటినిండా జనమున్న ఉమ్మడి సంసారంలోంచి నాలుగు రోజులు తప్పించుకుని ఇద్దరూ ఈ ఊరికి వచ్చారు. దిగీదిగగానే వాన పట్టుకుంది. పట్టుకున్న వాన వదల్లేదు. ఏటి ఒడ్డున అద్దెకి తీసుకున్న మేడగదిలో మంచం మీద వాలితే కిటికీలోంచి ఏరు కనిపించేది, పడవలు కనిపించేవి. ఊరు చూడ్డానికొచ్చి ఉన్నన్నాళ్ళూ ఆ కిటికీనే చూశారు. ఆ గదిలో ఆయన మాట్లాడారు. చిన్నప్పుడు సంతలో తప్పిపోయిన సంగతి, స్కూల్లో గోడ దూకిన సంగతి, అవీ ఇవీ అన్నీ. నవ్వలేక ఆవిడ, చెప్పలేక ఆయన అలిసిపోయి, చివరికి కింద వాటాలోని ఇంటావిడ చీపురుకర్రతో కప్పు కొట్టి ఆపించాల్సి వచ్చింది. తిరిగి వెళ్ళాక ఉద్యోగం వచ్చింది. కౌంటరు వచ్చింది.

"ఆ గదిలో ఈ మనిషి నాతో మాట్లాడాడే. నిజంగానే మాట్లాడాడో, నేనే కల కన్నానో ఒక్కసారి చూసుకోవాలి," అని బయల్దేరే ముందు ఆవిడ తన చెల్లెలితో అంది. మొగుడితో మాత్రం ఆ గదిలో గాలి బాగుంటుందని చెప్పింది.

అందువల్ల ఆ పొద్దున్న బస్సు దిగగానే ఆవిడే ముందుగా, అలవాటు ప్రకారం, నీలం బోర్డు కోసం అటూ ఇటూ చూసింది.

"ఈ ఊళ్ళో అడగడమెందుకోయ్!" అన్నారు ఎంక్వయిరీ గారు. "బస్టాండు గుమ్మం దాటి కుడిచేతికి తిరగాలి. అరటిపళ్ళ కొట్టు దాటాక మెట్ల సందు. దిగితే ఏటి ఒడ్డున పచ్చ కిటికీల మేడ. కళ్ళు మూసుకుని తీసుకెళ్తా, పద."

దేశమంతా అడిగి తిరిగిన మనిషి ఈ ఒక్క ఊళ్ళో అడగనన్నారు. ఇద్దరూ బస్టాండు గుమ్మం దాటి కుడిచేతికి తిరిగారు. అరటిపళ్ళ కొట్టు లేదు. టైర్ల కొట్టుంది. తర్వాత సిమెంటు కొట్టు, ఆ తర్వాత పొడుగాటి ప్రహరీ, దాని తర్వాత ఎవరో ఆరేసిన పరుపులు. నేల మాత్రం అరచెయ్యిలా చదునుగా ఉంది. ఎంక్వయిరీ గారు పరుపుల దగ్గర ఆగి, నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

"సందు తీసేశారు," అన్నారు.

"సందునెవరు తీసేస్తారండీ? అదేమన్నా దండెం మీద తువ్వాలా?"

ఆవిడ ఇక ఆగలేక వెనక్కి నడిచి టైర్ల కొట్టు ఆసామిని అడిగింది. "బాబూ, ఇక్కడ మెట్ల సందని ఒకటుండాలి, ఏటి ఒడ్డుకి పోతుంది?"

"ఇక్కడ మెట్లెక్కడివమ్మా? ఏరు కావాలంటే ఊరి మధ్యకి పోవాలి. అదిగో, టౌను బస్సు ఎక్కండి."

ఇంత విన్నాక ఏ మనిషికైనా ఒక అనుమానం రావాలి. ఎంక్వయిరీ గారికి కూడా వచ్చింది. ఊరు పెరిగిందేమోనని వచ్చింది, ఏరు దారి మార్చుకుందేమోనని వచ్చింది. బస్టాండు కదిలిందేమోనన్న అనుమానం మాత్రం ఆయన బుర్రలోకి రాలేదు. ఊళ్ళు కదలవచ్చు, ఏళ్ళు కదలవచ్చు, బస్టాండు కదలదు. కదిలేవి బస్సులు. జీవితమంతా బస్టాండులో గడిపిన మనిషి అంతకుమించి ఆలోచించలేరు.

"ఏరు పక్కకి జరిగినట్టుంది," అన్నారు టౌను బస్సులో కూర్చున్నాక.

"మీరు ఒప్పుకోరు గానీ, పదండి, మీ నీలం బోర్డు దగ్గరే అడుగుదాం," అంది ఆవిడ. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని కూడా అందామనుకుంది గానీ, సాయంత్రం బస్సు గుర్తొచ్చి ఊరుకుంది.

ఊరి మధ్య దిగి సమాచార కేంద్రం కోసం మధ్యాహ్నం దాటేదాకా తిరిగారు. సొంత ఊళ్ళో సమాచార కేంద్రం ఎక్కడుందో తెలిసినవాడు ఏ ఊళ్ళోనూ దొరకడు. ఊళ్ళో ఉన్నవాడికి దాంతో పనేముంది? చెప్పులు కుట్టే ఆయన పోస్టాఫీసు చూపించాడు. పోస్టాఫీసులో గ్రంథాలయం చూపించారు. గ్రంథాలయంలో ఒకావిడ పుస్తకంలోంచి తల ఎత్తకుండా వేలు మాత్రం ఎత్తింది. ఆ వేలు పట్టుకుని పోతే, ఆగి ఉన్న లారీ వెనక నీలం బోర్డు కనిపించింది. పాత భవనానికి కొత్త సున్నం వేసి, అద్దాల తలుపులు పెట్టారు. లోపల పొడుగాటి చెక్క కౌంటరు, గోడకి కరపత్రాలు, మూలగా తిరుగుతున్న ఫ్యాను.

కౌంటరు వెనకున్న అమ్మాయి లేచి నిలబడి ఉంది. ఒక చేత్తో సంచీ, రెండో చేత్తో చెంప పట్టుకుంది. ఆ చెంప ఈ చెంపకి రెండింతలుంది.

"ఒక్క పావుగంట కూర్చోండంకుల్," అంది, ఒక్కో మాటకీ కళ్ళు మూసుకుంటూ. "పన్ను... రాత్రంతా నిద్ర లేదు. డాక్టరుగారు ఇప్పుడొస్తే చూస్తానన్నారు. ఈ ఫ్యానుకి కరపత్రాలు ఎగిరిపోతాయి, కాస్త చూస్తుండండి."

ఎంక్వయిరీ గారు అర్థమైందన్నట్టు తల ఊపారు. ఆ అమ్మాయి అప్పగించింది కరపత్రాలని. ఆయన స్వీకరించింది కౌంటరుని.

నిజానికి ఆయన మొదట బెంచీ మీదే కూర్చున్నారు. కానీ ఖాళీ కౌంటరంటే ఆయనకి పొయ్యి మీద పాలు పెట్టి వెళ్ళిపోయినట్టు ఉంటుంది. కుదురుగా కూర్చోలేక కాళ్ళు ఆడిస్తుంటే, మెడలో పెద్ద కెమెరా వేసుకున్న ఒకాయన తలుపు తోసుకొచ్చి ఖాళీ కుర్చీని చూసి, "ఎవరూ లేరా?" అన్నాడు.

'ఎవరూ లేరా' అన్న మాట ఆయన సర్వీసు మొత్తంలో ఎవరితోనూ అనిపించుకోలేదు. లేచి కౌంటరు చుట్టూ తిరిగి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

"ఏవండీ, కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంది ఆవిడ బెంచీ మీదనుంచి.

కెమెరా ఆయన అప్పటికే అడిగేశాడు. "ఊరంతా కనిపించేలా ఫోటో తీసుకోవాలండీ. మంచి ఎత్తయిన చోటెక్కడ?"

ఎంక్వయిరీ గారు నోరు తెరిచారు. ఆ ఊళ్ళో ఆయనకి తెలిసిన దారి ఒకటే. అదే నోట్లోంచి వచ్చింది.

"గుమ్మం దాటి కుడిచేతికి తిరగండి. అరటిపళ్ళ కొట్టు దాటాక మెట్ల సందు. దిగితే ఏటి ఒడ్డున పచ్చ కిటికీల మేడ. అక్కడ అడగండి."

"ఎత్తు కావాలంటే దిగమంటారేంటండీ?"

"దిగితేనే కదండీ ఎత్తు తెలిసేది."

కెమెరా ఆయన ఒక క్షణం ఆలోచించి, అందులో ఏదో లోతుందనుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత తలుపు మూతపడలేదు, పావుగంటన్న అమ్మాయీ తిరిగి రాలేదు. పాపాయిని తోపుడుబండిలో తోసుకుంటూ ఒక జంట వచ్చి పడవ షికారు ఎక్కడని అడిగింది. గుమ్మం దాటి కుడిచేతికి. పిల్లలమందని వెంటేసుకుని ఒక పంతులమ్మ వచ్చి మ్యూజియం ఎక్కడని అడిగింది. అరటిపళ్ళ కొట్టు దాటాక మెట్ల సందు. ఒకాయన తలుపు దగ్గరే నిలబడి, మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, "ఇక్కడ... బాత్రూమ్... దగ్గర్లో..." అన్నాడు. ఏటి ఒడ్డున మేడ, అక్కడ అడగండి. ఎంక్వయిరీ గారి వీపు నిటారుగా అయింది, గొంతు పాత ఖంగుమనే గొంతయింది. కలానికి తాడు కూడా కట్టేశారు. రిటైరయ్యాక ఆయన ముఖంలో అంత వెలుగు భార్య చూడటం ఇదే మొదటిసారి.

వెలుగు బాగానే ఉంది గానీ, ఆవిడకి లెక్క కుదరలేదు. మధ్యలో ఖాళీ దొరగ్గానే కౌంటరు దగ్గరికొచ్చింది.

"అందరికీ ఒకటే దారి చెబుతున్నారేంటండీ?"

"ఊరికి ఒక మంచి దారుంటుందోయ్. అందులో పెడితే చాలు, మిగతాది ఊరే చూసుకుంటుంది."

"ఆ సందు తీసేశారని పొద్దున మీరే అన్నారు కదా!"

ఎంక్వయిరీ గారు ఒక్క క్షణం తడబడ్డారు. ఒక్క క్షణమే. "లేకపోతే వాళ్ళు తిరిగొచ్చి అడుగుతారు కదా? ఒక్కళ్ళయినా తిరిగొచ్చారా? నా సర్వీసులో కూడా తిరిగొచ్చి అడిగినవాళ్ళు లేరు."

"బస్సు వెళ్ళిపోయాక తిరిగొచ్చి ఏం చేస్తారు?" అంది ఆవిడ. తర్వాత గొంతు తగ్గించి, "సాయంత్రం బస్సుకి ఎంతో టైము లేదు. అందరికీ దారి చెబుతున్నారు. నా గది మాత్రం అలాగే ఉండిపోయింది," అంది.

ఆ మాట ఆయనకి తగిలింది. ఏదో చెప్పబోయారు. ఇంతలో వరసలో ఇంకో నలుగురు చేరారు, కౌంటరు మీద ఫోను మోగింది. ఆయన చెయ్యి దానంతటదే పోయి రిసీవరు అందుకుంది.

"నమస్కారం, విచారణ."

"ఏం విచారణండీ!" అంది అవతల గొంతు. "ఎవరండీ మీరు? నా క్లినిక్‌కి మనుషుల్ని పంపిస్తున్నారేంటి? ఒకాయన మేడెక్కి ఫోటో తీస్తానంటాడు. పడవ ఎన్నింటికి బయల్దేరుతుందని అడుగుతూ ఒకావిడ పాపాయిని నా బల్ల మీద పడుకోబెట్టింది. పాతిక మంది పిల్లలు నా కట్టుడు పళ్ళ బీరువా ముందు నిలబడి, 'ఇవి ఏ కాలం నాటివి టీచర్' అని అడిగి రాసుకుంటున్నారు!"

"శాంతించండి. మీ సమస్య ఏమిటో నిదానంగా చెప్పండి."

"సమస్య మీరేనండీ! సమాచార కేంద్రం ఆయన చెప్పాడని అందరూ అంటున్నారు. అసలు అక్కడ ఆయనెవరూ లేడు. అక్కడ పనిచేసే అమ్మాయి ఇక్కడ నా కుర్చీలో ఉంది!"

"ఆవిడ పన్ను డాక్టరు దగ్గరికి వెళ్ళారండీ."

"ఆ పన్ను డాక్టర్ని నేనే!"

"ఓహో. ఎలా ఉందండీ పన్ను?"

అవతల గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. ఎంక్వయిరీ గారు వృత్తి ధర్మం ప్రకారం తర్వాతి ప్రశ్న వేశారు. "ఇంతకీ మీ క్లినిక్ ఎక్కడండీ?"

"ఎక్కడేంటండీ! మీరు పంపిస్తున్న చోటే! ఏటి ఒడ్డున, మెట్ల సందు చివర!"

ఎంక్వయిరీ గారు రిసీవరుని రెండు చేతులా పట్టుకున్నారు. "సందు... ఉందా?"

"ఉండకేం!"

"పచ్చ కిటికీలా?"

"పోయినేడు తెల్లరంగు వేయించాం. అంతకుముందు పచ్చే. అయితే ఏంటి?"

ఆయన ఫోను పెట్టేశారు. కుర్చీలోంచి లేచారు. ఎదురుగా వరసలో నలుగురు నోళ్ళు తెరుచుకుని సిద్ధంగా ఉన్నారు. ఎంక్వయిరీ గారు జీవితంలో మొదటిసారి వరసని అలాగే వదిలేసి కౌంటరు దాటారు.

"ఏమోయ్! సందుందట! మేడ కూడా ఉందట! రా!"

ఆవిడ సంచీ ఎక్కడ పెట్టిందో కూడా చూసుకోలేదు. ఇద్దరూ గుమ్మం దాటి కుడిచేతికి తిరిగారు. అంత పెద్దాయన, అందులోనూ ఆఫీసు మనిషి, పరుగు తీస్తుంటే చూడవలసింది అటే ఉందనుకుని వరసలో ఉన్న నలుగురూ వెంటపడ్డారు. నలుగురు పరిగెడుతుంటే దారిలో ఇంకో పదిమంది కలిశారు. అరటిపళ్ళ కొట్టు ఉంది. గెలలు అలాగే వేలాడుతున్నాయి. దాటాక సందు. సందులో మెట్లు, మధ్యలో అరిగిపోయి, పక్కల్లో నాచు పట్టి. ఆవిడ మొదటి మెట్టు మీద ఆగిపోయింది.

"ఇదే," అంది. "ఇక్కడే మీరు జారిపడి, పడలేదన్నారు."

కింద మేడలో ముందున్న హాలు సంతలా ఉంది. పిల్లలు పళ్ళ బొమ్మలు గీసుకుంటున్నారు, పాపాయి ఏడుస్తోంది, నిజంగా పన్ను నొప్పితో వచ్చినవాళ్ళు చెంపలు పట్టుకుని మూలకి నక్కారు. బాత్రూమ్ అడిగినాయన ఒక్కడే ప్రశాంతంగా కూర్చుని పత్రిక చదువుకుంటున్నాడు. ఆ రోజు ఇచ్చిన సమాచారం కచ్చితంగా పనికొచ్చింది ఆయన ఒక్కడికే. మెట్ల మీదనుంచి తెల్లకోటు డాక్టరుగారు దిగుతున్నారు. వెనకాలే, నోట్లో దూది కుక్కుకుని, సమాచార కేంద్రం అమ్మాయి. మత్తుమందు వల్ల ఆ అమ్మాయి కోపం సగం ముఖంలోనే కనిపించింది. ఆ సగమే చాలా ఎక్కువగా ఉంది.

"మ్మ్! మ్మ్మ్!" అంటూ ఎంక్వయిరీ గారి వైపు వేలు చూపించింది.

"మీరేనా?" అన్నారు డాక్టరుగారు.

"నేనేనండీ. తప్పే. కానీ ఒక్క మాట చెప్పండి. బస్టాండు గుమ్మం దాటి కుడిచేతికి తిరిగితే పొద్దున టైర్ల కొట్టొచ్చింది. ఇప్పుడు ఈ సందు ఎక్కణ్ణించి వచ్చింది?"

"బస్టాండు నుంచి ఎలా వస్తుందండీ? అది ఊరవతల కట్టి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు సమాచార కేంద్రం ఉన్నదే పాత బస్టాండు."

ఎంక్వయిరీ గారు పక్కనున్న బల్లని పట్టుకున్నారు. బస్టాండుని కదిపారన్న బాధ ఒకటి. దాని వెనకే ఇంకొకటి మెల్లగా తట్టింది. ఆ వానరోజున, తడిసిన పెట్టెతో, తడిసిన పెళ్ళాంతో ఆయన మొదట నిలబడింది ఆ చెక్క కౌంటరు ముందే. గుమ్మం దాటి కుడిచేతికి తిరగండి బాబూ, అరటిపళ్ళ కొట్టు దాటాక మెట్ల సందు అని అక్కడ కూర్చున్న ముసలాయన చెప్పారు. ఇన్నేళ్ళూ తన సొంతమనుకున్న దారి ఆ ముసలాయనది. ఆయన కుర్చీలోనే కూర్చుని, ఆయన మాటలే ఇవాళంతా తను అప్పజెప్పారు.

"బస్టాండుని కదిపేశారోయ్," అన్నారు దీనంగా.

"దానికి తర్వాత ఏడుద్దురు గానీ, ముందు మేడెక్కండి," అంది ఆవిడ. అప్పటికే ఆవిడ మెట్ల కమ్మీ పట్టుకుని ఉంది.

డాక్టరుగారు అడ్డం నిలబడ్డారు. ఆయనకి ఆ పూట అడ్డం నిలబడటం బాగా అలవాటైపోయింది. "పైన చికిత్స గది అమ్మా. పేషంట్లు తప్ప ఎవరూ వెళ్ళకూడదు."

"నేను పేషంటునే."

"ఏ పన్ను?"

"ఏదో ఒకటి చూడండి బాబూ. ఇన్నేళ్ళ పళ్ళు, ఏదో ఒకటి పాడై ఉండకపోదు."

ఆవిడ ముఖం చూసి డాక్టరుగారు పక్కకి తప్పుకున్నారు. హాల్లో వరసలో ముందున్న చెంప మనిషి గొణిగాడు గానీ, పట్టించుకున్నవాళ్ళు లేరు.

గది చిన్నది. గోడలు తెల్లగా ఉన్నాయి, మంచం ఉన్నచోట చికిత్స కుర్చీ ఉంది, మందుల వాసన. ఆవిడకి ఒక్క నిమిషం ఏమీ గుర్తురాలేదు. ఇంత దూరం వచ్చి ఇదా అనుకుంది. కుర్చీలో కూర్చోమంటే కూర్చుంది. డాక్టరుగారు కాలితో ఏదో తొక్కారు. కుర్చీ మెల్లగా వెనక్కి వాలింది. వాలి వాలి, ఆవిడ తల ఒకప్పుడు దిండు ఉన్నచోటికి వచ్చింది. అక్కణ్ణించి కిటికీలో ఏరు కనిపించింది.

అదే వంపు. అవతలి ఒడ్డున కొత్త వంతెన ఉంది, పడవలు లేవు. కానీ నీళ్ళు ఆ మూల దగ్గర అలాగే ఆగి, ఆలోచించుకుని తిరుగుతున్నాయి. ఆవిడ ఏమీ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. కుర్చీ పక్కన నిలబడ్డ ఎంక్వయిరీ గారు కిటికీ వైపు చూస్తూ, ఎవరూ అడక్కుండానే మాట్లాడటం మొదలుపెట్టారు.

"పడవవాడు చెయ్యి ఊపాడని నువ్వూ ఊపావు. తర్వాత రోజూ ఊపావు. వాడు ఎటు పోతున్నా మన కిటికీ వైపు చూసేవాడు. మనం వెళ్ళిపోయిన మర్నాడు కూడా వాడు చెయ్యి ఊపే ఉంటాడు కదా, కిటికీలో ఎవరూ లేకపోతే ఏమనుకున్నాడో అని నేను చాలా ఏళ్ళు అనుకునేవాణ్ణి. కౌంటరు దగ్గర కూర్చున్నప్పుడు గుర్తొచ్చేది. ఇవాళ ఇంటికెళ్ళి చెప్పాలి అనుకునేవాణ్ణి. ఇంటికొచ్చేసరికి..."

"నోరు తెరవండమ్మా," అన్నారు డాక్టరుగారు, చిన్న అద్దం పట్టుకుని.

"కాసేపు ఆగు బాబూ," అంది ఆవిడ. "ఆయన చెబుతున్నారు."

డాక్టరుగారు అద్దం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఎంక్వయిరీ గారు ఆపలేదు. వానలో గొడుగు ఎగిరిపోయిన సంగతి చెప్పారు, కింద ఇంటావిడ చీపురుకర్ర చప్పుడుకి ఆవిడ దుప్పటిలో దూరిన సంగతి చెప్పారు. ఆవిడే మర్చిపోయినవి చెప్పారు. పెద్దాడు పుట్టిన రోజున తను ఆసుపత్రి బయట ఎంత భయపడ్డారో చెప్పారు. అది ఈ గదిలో జరిగింది కాదు, ఇంతవరకు ఎప్పుడూ చెప్పిందీ కాదు. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. అది కల కాదని ఆవిడకి తెలిసిపోయింది. చెబుతూ చెబుతూ ఆయనా కళ్ళు తుడుచుకున్నారు. సాయంత్రం బస్సు వెళ్ళిపోయే వేళయిందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

చాలాసేపటి తర్వాత ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగారు. ఆవిడ రెండు చెంపలూ తడిసి, కళ్ళు ఎర్రబడి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక ఆయన ఇంకా వెక్కుతున్నారు. హాల్లో తమ వంతు కోసం కూర్చున్న చెంపల మనుషులు ముందు ఆవిడని చూశారు. తర్వాత, కుర్చీలో కూర్చోకుండా ఉత్తినే తోడు వెళ్ళిన ఆయన్ని చూశారు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

డాక్టరుగారు పైనుంచి "తర్వాత ఎవరండీ?" అని పిలిచేసరికి, హాల్లో ఎవరికీ పన్ను నొప్పి లేదు.